అర్జున్ మార్క్-1ఏని గేమ్‌లోకి తేవాలంటే: చిన్నాయనను మాత్రం అడగొద్దు!

ఎప్పటిలాగే తాండూరు నుంచే మాట్లాడుతున్న. బయట నాపరాళ్ల లారీలు పోతుంటయ్, మధ్యలో హారన్ వినిపిస్తే కొంచెం అడ్జస్ట్ చేసుకోండి.

పోయిన ఎపిసోడ్‌లో వార్ థండర్ గేమ్ గురించి మాట్లాడుకున్నం కదా. అందులో మన అర్జున్ మార్క్-1ఏ ట్యాంకు ఉండాలని, దానికి ఒక పక్కా ప్రతిపాదన తయారు చేద్దామని అనుకున్నం. చాలా మంది ఫొటోలు పంపిన్రు, లెక్కలు పంపిన్రు. థ్యాంక్యూ. కానీ ఒక కామెంట్ దగ్గర నేను ఆగిపోయిన. ఒక తమ్ముడు రాసిండు: "అన్నా, మా చిన్నాయన డిఫెన్స్‌లనే పని చేస్తడు. ముందు భాగంలో కవచం ఎన్ని మిల్లీమీటర్లో అడిగి చెప్పాల్నా?"

ఆ తమ్ముడు మంచి మనసుతోనే అడిగిండు, నాకు తెలుసు. ఆ కామెంట్ మాత్రం తీసేసిన. ఎందుకు తీసేసిన్నో చెప్పడానికే ఈ వీడియో. ముందు ట్యాంకు సంగతి చూద్దాం.

అర్జున్ ప్రాజెక్టుకు 1974లో అనుమతి వచ్చింది. డిజైన్ చేసింది చెన్నై దగ్గర ఆవడిలో ఉన్న డీఆర్‌డీఓ ల్యాబ్, సీవీఆర్‌డీఈ. 2000లో సైన్యం 124 మార్క్-1 ట్యాంకులకు ఆర్డర్ ఇచ్చింది. ఆ తర్వాత 72 మార్పులు, చేర్పులతో మార్క్-1ఏ తయారైంది. 2021 ఫిబ్రవరి 14న చెన్నైలో ప్రధాని దాన్ని సైన్యానికి అందజేశారు. అదే సంవత్సరం సెప్టెంబర్ 23న 118 ట్యాంకులకు రూ. 7,523 కోట్ల ఆర్డర్ వచ్చింది. ఇవన్నీ ప్రభుత్వమే బయటపెట్టిన లెక్కలు. ప్రతిపాదనలో ఇవి ధైర్యంగా రాయొచ్చు.

ఇప్పుడు గేమ్ ఆడేవాళ్లకు కావాల్సిన లెక్క. మార్క్-1 బరువు సుమారు 58.5 టన్నులు. మార్క్-1ఏ సుమారు 68 టన్నులు. ఇంజిన్ మాత్రం అదే, జర్మనీ ఎంటీయూ కంపెనీది, 1,400 హార్స్‌పవర్. భాగించి చూడండి. మార్క్-1కు టన్నుకు దాదాపు 24 హార్స్‌పవర్ వస్తది, మార్క్-1ఏకి 20.6 మాత్రమే. గరిష్ఠ వేగం కూడా గంటకు 70 కిలోమీటర్ల నుంచి 58కి తగ్గింది.

మా ఊరోళ్లకు ఇది వివరించక్కర్లేదు. అదే లారీ, అదే ఇంజిన్, పైన ఇంకో తొమ్మిదిన్నర టన్నుల బండలు ఎక్కిస్తే ఎత్తు ఎక్కేటప్పుడు ఏమైతదో అందరికీ తెలుసు. కాబట్టి "అప్‌గ్రేడ్ అంటే అన్నీ పెరగాలె" అని కామెంట్ పెట్టినవాళ్లకు చెప్తున్న, ఇక్కడ కొన్ని పెరిగినయ్, కొన్ని తగ్గినయ్. తగ్గినవి దాచిపెట్టి ప్రతిపాదన రాస్తే చదివేవాడు నమ్మడు.

పెరిగినవి ఏంది? కమాండర్‌కు రాత్రిపూట కూడా పనిచేసే పనోరమిక్ సైట్ ఉంది. గన్నర్ ఒక టార్గెట్‌ను కొడుతుంటే కమాండర్ ఇంకో దాన్ని వెతుక్కుంటడు. టార్గెట్ కదులుతుంటే దానంతటదే వెంబడించే ఆటోమేటిక్ ట్రాకింగ్ ఉంది. లోపలి నుంచే నడిపే మెషిన్‌గన్ ఉంది. పైన ఎక్స్‌ప్లోజివ్ రియాక్టివ్ ఆర్మర్ ఉంది. ముందు మందుపాతరలు పక్కకు తోసే నాగలి బిగించుకోవచ్చు. గన్ 120 మి.మీ., లోపల మరలు ఉన్న రైఫిల్డ్ గన్. నలుగురు సిబ్బంది, గుండు చేత్తోనే లోడ్ చేస్తరు.

మిస్సైల్ సంగతి మస్తు మంది అడిగిన్రు. 2020 సెప్టెంబర్ 22న అహ్మద్‌నగర్ దగ్గర కేకే రేంజెస్‌లో అర్జున్ గన్ నుంచి లేజర్ గైడెడ్ మిస్సైల్ పేల్చిన్రు, 3 కిలోమీటర్ల దూరంలో టార్గెట్‌ను కొట్టింది. ఇది నిజం. కానీ పరీక్ష సక్సెస్ అవ్వడం వేరు, ప్రతి ట్యాంకులో రోజూ అది ఉండడం వేరు. మనం ప్రతిపాదనలో దాన్ని "పరీక్షించారు" అని విడిగా రాద్దాం.

ఇక కవచం. ఇదే అసలు గొడవ.

అర్జున్ కవచం పేరు కంచన్. ఈ పేరు ఎక్కడిదో తెలుసా? హైదరాబాద్‌లో కంచన్‌బాగ్. దాన్ని తయారు చేసిన డీఎంఆర్‌ఎల్ ల్యాబ్ అక్కడే ఉంది. అంటే దేశం మొత్తం చెప్పుకునే కవచానికి మన హైదరాబాద్ బస్తీ పేరు! అటు సంగారెడ్డి వైపు ఎద్దుమైలారం పోతే ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ, సారథ్ అనే బీఎంపీ-2 యుద్ధ వాహనాలు చేసేది అక్కడే. మన చుట్టుపక్కల ఎవరింట్లనో ఒక చిన్నాయన, ఒక మేనమామ ఈ పనుల్లో ఉండడం వింత కాదు. అందుకే ఈ మాట వేరే ఊళ్లకన్నా మనకు ఎక్కువ అవసరం.

ఇలాంటి కవచం ఒక్క ఉక్కు ముక్క కాదు. ఉక్కు పలకల మధ్య సిరామిక్ లాంటి గట్టి పొరలు పెడతరు. వచ్చే గుండు ఆ గట్టి పొరకు తగిలి ముక్కలైతది, వెనకున్న ఉక్కు ఆ ముక్కలను ఆపుతది. ఏ పొర ఎంత మందం, ఏ కోణం అనేదే రహస్యం. గేమ్ మాత్రం దీన్నంతా ఒక్క నంబర్ చేస్తది: "ఇన్ని మిల్లీమీటర్ల ఉక్కుకు సమానం". ఆ నంబర్ కోసమే కొట్లాట.

ఈ కొట్లాట ఎక్కడిదాకా పోయిందో చూడండి. 2021 జులైలో బ్రిటన్ చాలెంజర్-2 ట్యాంకు మాన్యువల్ పేజీలు ఒక ప్లేయర్ వార్ థండర్ చర్చల్లోనే పెట్టిండు, గేమ్‌లో తప్పు చూపించిన్రని నిరూపించడానికి. అదే సంవత్సరం అక్టోబర్‌లో ఫ్రాన్స్ లెక్లెర్క్. 2022లో చైనా ట్యాంకు గుండు వివరాలు. ప్రతిసారీ పోస్టులు తీసేసిన్రు, రహస్య పత్రాలు వాడబోమని కంపెనీ చెప్పింది. అంటే పెట్టినవాడికి గేమ్‌లో కూడా ఏం ఒరగలేదు.

నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు జరిగింది ఒకటి చెప్తా. నాతోటి ఒకాయన పొరపాటున సర్వర్ పాస్‌వర్డ్‌ను పబ్లిక్ రిపాజిటరీలో పెట్టేసిండు. పది నిమిషాల్లో తీసేసిండు కూడా. అయినా మేమందరం ఆ రాత్రి కూర్చొని అన్ని పాస్‌వర్డ్‌లూ మార్చినం. ఎందుకంటే ఒకసారి నెట్‌లోకి పోయింది అంటే పోయినట్టే, డిలీట్ కొడితే తిరిగి రాదు.

కానీ పాస్‌వర్డ్ తెల్లారేసరికి మార్చొచ్చు. 68 టన్నుల ట్యాంకు కవచాన్ని తెల్లారేసరికి మార్చలేం కదా? అందులో కూర్చునేది నలుగురు మనుషులు. గేమ్‌లో కవచం తక్కువ చూపిస్తే నీ ట్యాంకు పేలుతది, మళ్లీ ఇంకో మ్యాచ్ ఆడుతవ్. బయట ఆ నలుగురికి ఇంకో మ్యాచ్ లేదు.

ఇంకొకటి. 1923 నాటి అధికార రహస్యాల చట్టం ఇంకా అమల్లోనే ఉంది. నువ్వు "ఊరికే అడిగిన" అన్నా, ఆయన ఉద్యోగం, పెన్షన్, ఒక్కోసారి జైలు దాకా పోయే వ్యవహారం. పండగకు ఇంటికి వచ్చిన మనిషిని భోజనం దగ్గర ఆ ఇబ్బందిలో పెట్టొద్దు. ఆయన చెప్పకపోతే గర్వపడు, "మా చిన్నాయన పని తెలిసిన మనిషి" అని.

మరి ప్రతిపాదనలో కవచం కాలమ్ ఎట్ల నింపాలె? సింపుల్. "బహిరంగ లెక్క లేదు" అని రాద్దాం. పక్కన అదే తరం, అదే బరువున్న వేరే దేశాల ట్యాంకులతో పోల్చి ఒక అంచనా ఇద్దాం, అది అంచనా అని పెద్ద అక్షరాల్లో రాద్దాం. తక్కువ వేస్తే వేయనీ. బరువు, ఇంజిన్, గన్, సైట్లు, సిబ్బంది, ఆర్డర్ తేదీలు, ఇన్ని గట్టి లెక్కలు మన దగ్గర ఉన్నయ్. మంచి ప్రతిపాదనకు ఇవి చాలు.

ఆ కామెంట్ పెట్టిన తమ్ముడూ, నీ మీద కోపం లేదు. నీకు ఒక పని ఇస్తున్న: పరేడ్ ఫొటోలు, ప్రభుత్వ ప్రకటనలు చూసి మార్క్-1, మార్క్-1ఏల మధ్య బయటికి కనిపించే తేడాల లిస్ట్ చెయ్. వచ్చే ఎపిసోడ్‌లో దాన్నే చూపిస్త. చిన్నాయన వస్తే మాత్రం ట్యాంకు సంగతి వదిలేసి, మన తాండూరు కందిపప్పుతో మంచి భోజనం పెట్టు.

ఉంటా మరి. వచ్చే వారం కలుద్దాం.