ఆఫ్ డ్యూటీలో ఉన్న ఖాకీ ఎవరిది? ఆ డబ్బుకు లెక్క ఎవరు చెప్పాలి?

ఈ వారం ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. ఒక పోలీసాయన డ్యూటీ అయిపోయాక, అదే యూనిఫాంతో ఒక ప్రైవేటు ఫంక్షన్ దగ్గర నాలుగు గంటలు నిలబడినాడు. నిర్వాహకుడు డబ్బులిచ్చినాడు. ఇందులో తప్పుందా?

సగం మంది "కష్టపడినాడు, తీసుకున్నాడు, తప్పేముంది" అంటారు. మిగతా సగం "అది లంచమే కదా" అంటారు. అసలు ప్రశ్న వేరే ఉందని నా అభిప్రాయం. ఆ డబ్బు ఏ పుస్తకంలో రాశారు? ఆ పుస్తకం మీరూ నేనూ చూడొచ్చా? ఈ ఎపిసోడ్ అంతా ఈ రెండు మాటల చుట్టూనే.

ముందు అమెరికా పోదాం. ఎందుకంటే అక్కడ ఆఫ్ డ్యూటీ పని చట్టబద్ధం. రోడ్డు తవ్వే కంపెనీకి ట్రాఫిక్ చూసే మనిషి కావాలి, షాపుకు సెక్యూరిటీ కావాలి. అట్లాంటప్పుడు సెలవులో ఉన్న పోలీసాయన యూనిఫాంలోనే పోయి పనిచేస్తాడు. గంటకు ఇంత అని డబ్బులు. వినడానికి బాగానే ఉంది కదా?

ఇప్పుడు జెర్సీ సిటీ చూడండి. న్యూయార్క్‌కు నది అవతల ఉంటుంది. మనోళ్లు చానా మంది ఉండే ఊరు, జర్నల్ స్క్వేర్ దగ్గర ఇండియా స్క్వేర్ అనే వీధే ఉంది. ఆ ఊళ్లో ఫెడరల్ దర్యాప్తు జరిగితే బయటపడింది ఏంటంటే, కొందరు పోలీసులు చేయని ఆఫ్ డ్యూటీకి చేసినట్టు కాగితాలు రాసి డబ్బులు తీసుకున్నారు. ఒకరి తర్వాత ఒకరు కోర్టులో నేరం ఒప్పుకున్నారు. వాళ్లలో సాక్షాత్తూ ఆ ఊరి మాజీ పోలీస్ చీఫ్ ఫిలిప్ జాకీ ఉన్నాడు. పేదవాళ్ల ఇళ్లు చూసే హౌసింగ్ అథారిటీకి సెక్యూరిటీ డ్యూటీ చేశానని రాసి, చేయకుండానే 31 వేల డాలర్లకు పైగా తీసుకున్నాడు. పేదోళ్ల కాలనీకి కాపలా కోసం పెట్టిన డబ్బు అది. డ్రా అయింది, కాపలా మాత్రం లేదు.

2018లో అక్కడి మేయర్ స్టీవెన్ ఫులోప్, ఈ ఆఫ్ డ్యూటీ పద్ధతినే దశలవారీగా ఎత్తేస్తామని ప్రకటించాడు. పోలీసు యూనియన్లు గట్టిగా ఎదిరించాయి. అది వాళ్ల గొడవ. మనం గమనించాల్సింది ఒకటే. అక్కడ పోలీసు శాఖ మున్సిపాలిటీ కింద ఉంటుంది. అందుకే జనం మేయర్‌ను పట్టుకుని అడగగలిగారు, మేయర్ జవాబు చెప్పాల్సొచ్చింది. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ఇంకో ఊరు న్యూ ఆర్లీన్స్. 2011లో అమెరికా న్యాయశాఖ అక్కడి పోలీసు శాఖ మీద ఒక రిపోర్ట్ ఇచ్చింది. అందులో ఈ ప్రైవేటు డ్యూటీల పద్ధతిని అవినీతికి గుండె నుంచి రక్తం తీసుకుపోయే పెద్ద ధమనితో పోల్చారు. ఎందుకంత మాట? ఎవరికి ఏ ప్రైవేటు డ్యూటీ అన్నది పోలీసులే తమలో తాము పంచుకునేవాళ్లు. బాగా డబ్బొచ్చే డ్యూటీలు చేతిలో ఉన్న చిన్న ఆఫీసర్ దగ్గరికి పెద్ద ఆఫీసరే వచ్చి అడుక్కోవాలి. ఇంక క్రమశిక్షణ ఎక్కడిది? అందుకే తర్వాత ఆ పంపకాన్ని పోలీసుల చేతిలోంచి తీసేసి, నగర పాలక సంస్థ కింద ఒక ప్రత్యేక ఆఫీసు పెట్టారు.

అంతటితో అయిపోలేదు. 2021లో ఒక కెమిస్ట్రీ ప్రొఫెసర్, పోలీసు కాదు, జర్నలిస్టు కాదు, రెండు లిస్టులు తెప్పించుకున్నాడు. ఒకటి నగరం జీతమిచ్చిన డ్యూటీ టైమింగ్స్. రెండోది ప్రైవేటు డ్యూటీల టైమింగ్స్. రెండూ పక్కపక్కన పెట్టాడు. ఒకే మనిషి, ఒకే రోజు, ఒకే టైమ్‌లో రెండు చోట్ల ఉన్నట్టు లెక్కలు బయటపడ్డాయి. టీవీ వాళ్లు వార్త చేశారు, విచారణలు మొదలయ్యాయి.

నేను బీటెక్ అయిపోయాక కొన్నేళ్లు పేరోల్ సాఫ్ట్‌వేర్ మీద పనిచేశాను. మీలో కోడింగ్ వచ్చినోళ్లకు అర్థమైపోయి ఉంటుంది, ఇది రెండు టేబుల్స్ కలిపే ఒక చిన్న క్వెరీ. కోడింగ్ రాకపోయినా ఎక్సెల్‌లో ఒక సాయంత్రం పని. కష్టమంతా ఆ రెండు లిస్టులు సంపాదించడంలోనే ఉంది. లిస్టు దాచినంతకాలం దొంగ లెక్క బతుకుతుంది. లిస్టు బయటికొచ్చిన రోజు మామూలు మనిషి కూడా ఆడిటరే.

సరే, ఇప్పుడు మన ఊరికి వద్దాం. మన దగ్గర చట్టం ఏం చెప్తుందో వింటే ఆశ్చర్యపోతారు. మన గండికోట, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల అన్నీ ఒకప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. అందుకే మనకు 1859 నాటి మద్రాసు జిల్లా పోలీసు చట్టం వారసత్వంగా వచ్చింది. 1861లో దేశంలో చాలా ప్రాంతాలకు ఇంకో పోలీసు చట్టం తెచ్చారు. రెండిట్లోనూ ఒకే మాట ఉంది: పోలీసు ఎప్పుడూ డ్యూటీలో ఉన్నట్టే లెక్క. 1861 చట్టంలో అయితే అది సెక్షన్ 22.

అంటే ఏమైంది? అమెరికాలో ఉన్న ఆ "ఆఫ్ డ్యూటీ" అనేది మన చట్టంలో లేనే లేదు. ఇంట్లో నిద్రపోతున్నా కానిస్టేబుల్ కానిస్టేబులే. అదే 1861 చట్టం సెక్షన్ 10 ఏమంటుందంటే, పై అధికారి రాతపూర్వకంగా అనుమతి ఇస్తే తప్ప వేరే ఉద్యోగం చేయకూడదు. మన రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగుల ప్రవర్తనా నియమాలు, 1964లో వచ్చినవి, అవి కూడా ప్రైవేటు సంపాదనను కట్టడి చేస్తాయి.

మరి ప్రైవేటు వాళ్లకు బందోబస్తు కావాలంటే? దానికీ దారి ఉంది. సెక్షన్ 13 ప్రకారం, అవసరం చూపించి దరఖాస్తు పెట్టుకుంటే అదనపు పోలీసులను ఇస్తారు, ఖర్చు అడిగినోళ్లదే. ఆ డబ్బు సర్కారుకు పోవాలి, కానిస్టేబుల్ జేబులోకి కాదు. మన భాషలో చెప్పాలంటే చలానా కట్టాలి, రసీదు ఉండాలి.

ఇక్కడ ఒక తేడా చూసుకోండి. ప్రొద్దుటూరు దసరా ఉంది, మన గండికోట ఉత్సవాలు ఉన్నాయి. లక్షణంగా అందరూ వచ్చే పండగలు. అక్కడ బందోబస్తు పోలీసుల మామూలు బాధ్యత, దానికి మనం పన్నులు కడుతున్నాం. కానీ టికెట్ పెట్టి చేసే ప్రోగ్రాం, సినిమా ప్రీ-రిలీజ్ ఈవెంట్, ఒక పెద్దాయన ఇంటి పెళ్లి, వీటికి పదిమంది పోలీసులను పంపితే స్టేషన్‌లో పదిమంది తగ్గినట్టే. ఆ సాయంత్రం మీ అమ్మ మెడలో గొలుసు తెంపుకుపోయినారని ఫోన్ చేస్తే వచ్చే మనిషి లేడు. నష్టం ఎవరికి పడిందో చూశారా?

చలానా పద్ధతి ఉన్నంత మాత్రాన అంతా సక్రమం అనుకోవద్దు. ముంబై సంగతి చూడండి. క్రికెట్ మ్యాచ్‌లకు పోలీసులు బందోబస్తు ఇస్తారు, క్రికెట్ సంఘం బిల్లు కట్టాలి. 14.82 కోట్ల బకాయి పేరుకుపోయింది. 2023లో మహారాష్ట్ర ప్రభుత్వం ఆ రేట్లను బాగా తగ్గించేసింది, అదీ 2011 నుంచే వర్తించేటట్టు! ఒక ఆర్టీఐ కార్యకర్త లెక్కలు తీసి, బాంబే హైకోర్టులో పిల్ వేశాడు. ఐపీఎల్‌లో తిరిగే డబ్బు మనందరికీ తెలుసు. వాళ్ల బిల్లు తగ్గిస్తే ఆ మేర భారం మోసేది పన్ను కట్టే జనమే.

ఇంకో పక్క కూడా మాట్లాడాలి, లేకపోతే అన్యాయం అవుతుంది. కానిస్టేబుల్ పక్క. మన రాష్ట్రంలో పోలీసులకు వారానికి ఒక రోజు సెలవు అని 2019 జూన్‌లో ప్రకటించారు. మంచి నిర్ణయం. కానీ మీకు తెలిసిన కానిస్టేబుల్ అన్నను ఎవరినైనా అడగండి, పండగ పూట పిల్లలతో ఇంట్లో ఉన్నది ఎప్పుడని. ఎవరిదో ప్రైవేటు ఫంక్షన్ కోసం ఎండలో నిలబెడితే, చలానా డబ్బు ఖజానాకు పోతుంది, ఆయనకు మిగిలేది కాళ్ల నొప్పి. ఆశ పుట్టేది సరిగ్గా అక్కడే. అందుకే నేను అడిగేది రెండు వైపులా న్యాయం. ప్రైవేటు బందోబస్తుకు వసూలు చేసిన దాంట్లో కొంత భాగం, ఆ రోజు నిలబడిన సిబ్బందికి అలవెన్సుగా, జీతంతో పాటు, లెక్కలో చూపించి ఇవ్వండి. దొంగచాటుగా ఐదొందలు తీసుకునే బదులు, తలెత్తుకుని వెయ్యి తీసుకుంటాడు. ఆ మనిషికీ గౌరవం, మనకూ లెక్క.

ఇప్పుడు ఇందాక గుర్తుపెట్టుకోమన్న పాయింట్. జెర్సీ సిటీలో మేయర్‌ను అడిగారు. మనమెవర్ని అడగాలి? మన రాజ్యాంగంలో పోలీసు శాఖ రాష్ట్ర ప్రభుత్వ జాబితాలో ఉంది. ప్రొద్దుటూరు మున్సిపల్ చైర్మన్‌కు గానీ, మన సర్పంచ్‌కు గానీ ఎస్పీని లెక్క అడిగే అధికారం లేదు. మన ఓటుకు దగ్గరగా ఉన్న మనిషికి పోలీసు మీద మాట చెల్లదు, మాట చెల్లేవాళ్లు అమరావతిలో ఉన్నారు. ఈ దూరంలోనే లెక్కలు మాయమయ్యేది.

ఆ దూరాన్ని తగ్గించే పనిముట్టు ఒకటి మన చేతిలోనే ఉంది. 2005 సమాచార హక్కు చట్టం. జిల్లా పోలీసు కార్యాలయంలోని పౌర సమాచార అధికారికి ఒక తెల్ల కాగితం మీద రాయండి. ఫీజు 10 రూపాయలు. నాలుగే ప్రశ్నలు. పోయిన ఏడాది ప్రైవేటు కార్యక్రమాలకు బందోబస్తు కోరుతూ ఎన్ని దరఖాస్తులు వచ్చాయి? ఎంతమంది సిబ్బందిని, ఎన్ని గంటలు ఇచ్చారు? ఎంత డబ్బు వసూలై ఖజానాలో జమైంది? ఎంత బకాయి ఉంది? ఎవరి పేరూ అడగొద్దు, అవసరం లేదు. సంఖ్యలు చాలు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే ఇంకో 30 రోజుల్లోపు పై అధికారికి అప్పీలు, అక్కడా కాకపోతే 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్.

అట్లాగే మున్సిపాలిటీకి కూడా ఒకటి పెట్టండి. పబ్లిక్ గ్రౌండ్లు, రోడ్లు ఏ ప్రైవేటు కార్యక్రమాలకు ఇచ్చారు, ఏ తేదీల్లో, ఎంత కట్టించుకున్నారు అని. అప్పుడు మీ దగ్గర రెండు లిస్టులు ఉంటాయి. న్యూ ఆర్లీన్స్ ప్రొఫెసర్ చేసిన పనే ఇది. ఇక్కడ ప్రోగ్రాం జరిగింది, అక్కడ చలానా లేదు అంటే, అడగాల్సిన ప్రశ్న అదే పుట్టుకొస్తుంది.

ఇంకొక్క మాట. మీరే ఫంక్షన్ చేస్తున్నారు, ఎవరైనా చేతికి డబ్బులు అడిగారు అనుకోండి. "సార్, చలానా ఎక్కడ కట్టాలి?" అని మర్యాదగా అడగండి. ఇవ్వడం కూడా నేరమే, 2018లో అవినీతి నిరోధక చట్టాన్ని అట్లా సవరించారు. బలవంతం మీద ఇవ్వాల్సొస్తే, 7 రోజుల్లోపు ఫిర్యాదు చేసినోళ్లకు ఆ సవరణలోనే రక్షణ ఉంది. ఏసీబీ నంబర్ 1064, ఫోన్‌లో సేవ్ చేసుకోండి.

పోలీసోళ్లను తిట్టడానికి చేసిన ఎపిసోడ్ కాదిది. మన స్టేషన్‌లో ఉండేది మన పక్కింటి అన్నలు, అక్కలే. ఆ ఖాకీకి బట్ట కొనేది మనం, కుట్టు కూలి ఇచ్చేది మనం. అది ఒక సాయంత్రానికి అద్దెకు పోతే, ఆ అద్దె ఎంతో తెలుసుకునే హక్కు మనకు లేదా?

మీలో ఒక్కరు ఆ 10 రూపాయల అర్జీ పెట్టినా చాలు. జవాబు వస్తే నాకు పంపండి, పేర్లు తీసేసి, లెక్క మాత్రం ఇక్కడే అందరి ముందూ పెడదాం. ఉంటాను ఫ్రెండ్స్, వచ్చే వారం కలుద్దాం.