పనిని బట్టి కత్తి
(ద్రాక్షారామం సభలో మా సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



భీమేశ్వరస్వామి కొలువున్న ఈ ఊరి చుట్టూ వరిచేలు, కొబ్బరి తోటలు. మన్యం నుంచి దిగివచ్చిన కొండరెడ్లు, కోయలు, ఇక్కడే తరాలుగా బతుకుతున్న ఎరుకల, యానాది బంధువులు ఈ రోజు ఒకచోట కూర్చున్నాం. మనందరి ఇళ్లలోనూ ఉండేది కత్తి. దాని గురించి నాలుగు మాటలు మనవి చేస్తాం.

ఏ కత్తి మంచిదని మన పిల్లలు అడుగుతుంటారు. ఏ పనికి అని మనం తిరిగి అడగాలి.

ఇక్కడ కొబ్బరి బొండాలు కొట్టే కత్తి వెడల్పుగా, బరువుగా ఉంటుంది. ఒకచోట నిలబడి కొట్టేవారికి ఆ బరువే బలం. దాన్ని నడుముకు కట్టుకొని మారేడుమిల్లి కొండలెక్కితే బరువుకు నడుము లాగేస్తుంది. కొండమీద పొదలు నరకాలన్నా, వెదురు కొట్టాలన్నా, దారి చేసుకోవాలన్నా ఒకే కత్తి చాలాలి. దానికి వెన్ను మందంగా, మొనవైపు కాస్త బరువుగా ఉండాలి. బుట్టలల్లే ఎరుకల వారికి ఈతబరికెలు చీల్చడానికి పలుచని కత్తి కావాలి. జీలుగు గీసే కత్తి వేరు. దాంతో కట్టెలు కొడితే అంచు పాడై, మర్నాడు గీతకు పనికిరాదు.

ఇతర దేశాల్లోనూ ఇంతే. నేపాల్ కుక్రీ ముందుకు వంగి, బరువంతా దెబ్బ మీదికి తెస్తుంది. లాటిన్ అమెరికా మచెటీ పొడవుగా, పలుచగా ఉండి గడ్డికి, చెరకుకు తగినది. మలయా పరాంగ్ మందంగా ఉండి గట్టి కొమ్మలను నరుకుతుంది.

కొనేటప్పుడు మెరుపు చూడొద్దు. అంచు మరీ గట్టిదైతే పెచ్చులూడుతుంది, మరీ మెత్తనిదైతే మడతపడుతుంది. పిడిలోకి దిగిన ఇనుము పొడవుగా ఉందా, పొన్ను బిగుతుగా ఉందా చూడాలి. చెమట పట్టినా జారకుండా పిడి చివర కాస్త లావుగా ఉండాలి.

ఈ సంగతులన్నీ తెలిసినవారు మన కమ్మర్లు. మన రాష్ట్ర షెడ్యూల్డు తెగల జాబితాలో కమ్మర తెగ ఉంది. పాత లారీ కమాను పట్టీని కొలిమిలో కాల్చి, సాగగొట్టి, నీళ్లలో ముంచి పదును నిలిపే విద్య వారిది. చెయ్యి చూసి పిడి అమర్చేవారు వారు. సంతలో చవకగా దొరికే రేకు కత్తులతో కొలిమికి పని తగ్గుతోంది. కొలిమి ఆరిపోతే ఆ విద్య నేర్పేవారుండరు.

ఇంకొక మాట. కత్తి ఉంటే చాలదు, కోసుకునే హక్కూ ఉండాలి. 1879 నాటి రంప తిరుగుబాటుకు కల్లు మీద వేసిన పన్ను ఒక ముఖ్య కారణం. గీసుకునే చెట్టు మీద పెత్తనం ఎవరిదన్నదే ఆనాటి తగవు. 2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్న తరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చి, వాటిపై మన హక్కును గుర్తించింది. ఈ సంగతి ప్రతి గూడెంలోనూ చెప్పుకోవాలి.

కనుక మా మనవి మూడు. ఈసారి కత్తి మన కమ్మరి దగ్గరే చేయించుకోండి. మీ ఇంట్లోని కత్తులకు మీ భాషలో ఉన్న పేర్లు రాసి సంఘానికి పంపండి. మీ పిల్లలను ఒక్క పూటైనా కొలిమి దగ్గర కూర్చోబెట్టండి.