లెక్కల వ్యాజ్యము
(పాలకొల్లు యువన్యాయవాదుల కొసంగిన ఉపన్యాసము)



కన్నము వేసిన దొంగను గోడయే పట్టియిచ్చును. దొంగలెక్క వ్రాసినవానిని పట్టుట యెట్లని మీరడిగితిరి.

మన పొరుగున భీమవరమున జన్మించిన రామలింగరాజుగారు 2009 జనవరి 7వ తేదీన సత్యం కంప్యూటర్సు లెక్కలు కల్లలని స్వయముగా వ్రాసియిచ్చిరి. నిల్వగా చూపిన ధనములో 5,040 కోట్ల రూపాయలు లేనేలేవు. ఆ దినముననే వాటా ధర నాల్గవవంతునకు దిగువగా పడిపోయెను. చిన్న మదుపరుల కష్టార్జితము కరగిపోయెను.

ఒప్పుకోలు చేతనుండగా తీర్పు 2015 ఏప్రిల్ 9వ తేదీ వరకు ఏల రాలేదు? బోర్డు సభ్యులుగాని, పై యుద్యోగులుగాని యేమియు నెఱుంగరని ఆ లేఖ చెప్పెను. హైదరాబాదు ప్రత్యేక న్యాయస్థానమో, తమ్మునితోను లెక్కల తనిఖీదారులతోను కలిపి పదిమందిని దోషులనెను. ఈ భేదమును తేల్చినవి 226 మంది సాక్షులు, సుమారు 3,000 పత్రములు. అంతటితో ముగియలేదు: మరుసటి నెలలోనే అప్పీలు కోర్టు శిక్షను నిలిపి వారికి జామీను నిచ్చెను.

కావున కంపెనీ చూపిన బ్యాంకు కాగితమును నమ్మకుడు, బ్యాంకునే అడుగుడు. 1891 నాటి బ్యాంకు పుస్తకముల సాక్ష్యచట్టము చొప్పున ధ్రువీకృతమైన నకలు సాక్ష్యముగా చెల్లును. చిట్టాను ఆవర్జాతోను, ఆవర్జాను నిల్వతోను సరిచూచుట మన కొబ్బరి వర్తకుల గుమాస్తా లెఱుగుదురు. పట్టభద్రులమైన మేము ఆ విద్యను ఆలస్యముగా నేర్చితిమి. మీరట్లు చేయకుడు. మోసపోయిన మదుపరి మన గుమ్మము నెక్కినప్పుడు అతనికి వలసినది మన వాగ్ధాటి కాదు. అతని పైకము ఏ పుటలో మాయమైనదో చూపగల చూపు.