సైకిలిచ్చారు, మరి దారేదీ?

(ఈపురుపాలెం మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



స్త్రీల సమావేశంలో సైకిల్ భద్రత గురించి ఎందుకని కొందరికి అనిపించవచ్చు. 1990ల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోట్టైలో అక్షరాస్యతా ఉద్యమం వేలాది గ్రామీణ స్త్రీలకు సైకిల్ నేర్పింది. భర్త కోసమో, బస్సు కోసమో ఎదురుచూడకుండా గడప దాటగలగడమే వాళ్లు సంపాదించుకున్న స్వేచ్ఛ. మన రాష్ట్రంలోనూ ‘బడికొస్తా’ పథకం కింద ఆడపిల్లలకు సైకిళ్లిచ్చారు. తొక్కడానికి దారి మాత్రం ఇవ్వలేదు.

బాపట్ల, చీరాలల మధ్య రోడ్డు మనకు తెలియనిది కాదు. లారీ హారన్ కొడితే మట్టిలోకి దిగాల్సింది ఎప్పుడూ సైకిలే. ఒక్క ప్రమాదం చాలు, ఆ వీధి ఆడపిల్లలందరినీ బడి మాన్పించడానికి అదే సాకవుతుంది.

డ్రైవర్లకు శిక్షణ ఇస్తే చాలంటారు కొందరు. శిక్షణ వద్దని నేననను. సైకిల్‌ను ఎంత ఎడంగా దాటాలో లైసెన్సు ఇచ్చే ముందే నేర్పాలి. కానీ ట్రిప్పుల లెక్కన బతికే, నిద్ర చాలని డ్రైవరు జ్ఞాపకశక్తి మీద మన పిల్లల ప్రాణాలు ఆధారపడకూడదు. మధ్యలో గట్టు కట్టి సైకిళ్లకు వేరే దారి ఇస్తే అతను పొరబడినా పిల్లకు రక్షణ ఉంటుంది. చోటు లేని ఊరి నడుమ వేగం తగ్గించాలి. మనుషులూ వాహనాలూ కలిసి తిరిగే చోట గంటకు 30 కిలోమీటర్లు మించకూడదని 2020 స్టాక్‌హోమ్ ప్రకటన చెప్పింది.

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు వెంట 2023లో సౌరఫలకాల పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ప్రారంభించారు. కట్టడం చేతకాక కాదు, ఎవరి కోసం కడుతున్నారన్నదే ప్రశ్న. 2011 జనాభా లెక్కల్లో పనికి ఎలా వెళతారన్న పట్టికలో రైతులూ, వ్యవసాయ కూలీలూ, ఇంటి పరిశ్రమల వాళ్లూ లేరు. అంటే పొలానికెళ్లే కూలీ, ఇంట్లో మగ్గం నేసే స్త్రీ అందులో కనిపించరు. బడికెళ్లే పిల్ల సరేసరి. లెక్కకు రానివాళ్లకు రోడ్డు మీదా చోటు దక్కదు.

1971లో నెదర్లాండ్స్ రోడ్ల మీద 400 మందికి పైగా పిల్లలు చనిపోయారు. ‘పిల్లల హత్యలు ఆపండి’ అంటూ తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చారు. అక్కడి సైకిల్ దారుల వెనక ఆ పోరాటం ఉంది.

మనం లెక్కతోనే మొదలుపెడదాం. ఒక వారం, బడి వేళల్లో రోడ్డు పక్కన నిలబడి సైకిళ్ల మీద వెళ్లే పిల్లల్ని, స్త్రీలని లెక్కపెడదాం. ఆ కాగితంతో గ్రామసభకూ, రహదారుల అధికారుల దగ్గరికీ వెళ్దాం. మనం అడిగేది దయ కాదు, రోడ్డులో మన వాటా.