ఏ ఓడను ముంచని యుద్ధనౌక

(ఆత్మకూర్ (ఎస్) పఠనమందిరమున చేసిన ఉపన్యాసము)



మనది సముద్రమెరుగని సీమ. మన పెద్దలు బ్రతికిన నైజాము రాజ్యమునకు సముద్రతీరమే లేకుండెను. మూసీ వరదను, చెరువు అలుగును మించిన నీటిని చూడకయే కన్ను మూసినవారు మన యిండ్లలో నెందరో కలరు. అట్టి యింటినుండి గత సంక్రాంతి సెలవులలో మా తల్లిగారితోను, భార్యాబిడ్డలతోను బయలుదేరి, బెజవాడ చేరి, రాత్రి రైలులో విశాఖపట్టణము పోయితిని. రామకృష్ణా బీచిలో నిలిపియున్న ‘కురుసుర’ అను జలాంతర్గామిని చూచుట మా ముఖ్యోద్దేశము. అచ్చట మా పిల్లవాడడిగిన యొక ప్రశ్నను నేడు మీ ముందుంచెదను.

కురుసుర సోవియట్ రష్యాలో నిర్మింపబడినది. 1969 డిసెంబరు 18వ తేదీన మన నౌకాదళమున చేరి, 31 సంవత్సరములు కొలువు చేసి, 2001 ఫిబ్రవరి 27వ తేదీన విరమించినది. పిమ్మట దానిని ఇసుక మీదికి లాగి, 2002 ఆగస్టునుండి ప్రజలకు ప్రదర్శనశాలగా తెరచిరి.

పొడవు సుమారు 300 అడుగులు. అయినను లోపల ఇద్దరు ఎదురెదురుగా తప్పుకొని పోవుట కష్టము. ఏడు గదులు కలవు. ఒక దానినుండి మరియొక దానిలోనికి గుండ్రని ద్వారమున వంగి దూరవలెను. ఒక గదిలో నీరు చొచ్చినచో ఆ ద్వారమును బిగించి తక్కిన గదులను కాపాడుటకే ఈ యేర్పాటు. నీటిపైన డీజిలు యంత్రములు నడచును. నీటిలోపల వానికి గాలి యుండదు గావున బ్యాటరీల శక్తితో మోటార్లు త్రిప్పవలెను. ఆ శక్తి తరిగినపుడు పైకి వచ్చియో, గొట్టము నెత్తి గాలి పీల్చియో మరల నింపుకొనవలెను.

ఈ యుక్కు గొట్టములో సుమారు 75 మంది వారముల తరబడి యెండ కానక బ్రతికిరి. మంచినీరు కొలత ప్రకారము, స్నానము అరుదు. ఇది విని మా తల్లిగారు నిలిచిపోయి, “సుట్టూ సముద్రం పెట్టుకొని తాగే నీళ్లకు గింత కరువా, బిడ్డా!” అనిరి. నల్లగొండ సీమలో ఫ్లోరైడు నీటి బాధ నెరిగి, దూరపు బావినుండి బిందెలు మోసిన యామెకు ఆ నావికుల కష్టమును వేరుగ బోధింపనక్కరలేకపోయెను.

మా పిల్లవాని చూపు టార్పెడోల మీదనుండెను. ముందు ఆరు, వెనుక నాలుగు గొట్టములు. 22 టార్పెడోలు మోయగల నౌక. వాడు మాకు దారి చూపుచున్న విశ్రాంత నావికుని, “తాతా, ఇది ఎన్ని ఓడలను ముంచినది?” అని యడిగెను. “ఒక్కటియు లేదు, బాబూ” అని యాయన ప్రశాంతముగ బదులిచ్చెను. 1971లో కురుసుర అరేబియా సముద్రమున గస్తీ తిరిగినది. ఏ ఓడను ముంచలేదు. పిల్లవాని ముఖము చిన్నబోయెను.

ఆ రాత్రి వానితో నిట్లంటిని: “మన జొన్నచేనిలో మంచె మీద ఒడిసెల పట్టి కావలి కూర్చుండువానిని ఎన్ని పిట్టలను చంపితివని ఎవరైన అడుగుదురా? పంట ఇల్లు చేరినదా యని అడుగుదురు.”

సోదరులారా, ఆ తీరముననే 1971 విజయస్మారకము కలదు. ఆ డిసెంబరు 3, 4 తేదీల నడిమి రాత్రి విశాఖ సమీపమున పాకిస్తాను జలాంతర్గామి ‘ఘాజీ’ మునిగి, తొంబదిమందికి పైగా నావికులు గతించిరి. వారును అట్లే యిరుకున శయనించి, అట్లే నీటిని కొలిచి త్రాగినవారు, తల్లుల బిడ్డలు. విజయమును స్మరింపవలసినదే. మరణమును వినోదము చేసికొనుట వీరధర్మము కాదు.

మన సూర్యాపేటవాడైన కర్నల్ సంతోష్ బాబు 2020 జూన్ 15వ తేదీన గల్వాను లోయలో ప్రాణమర్పించెను. ఆయనయు సరిహద్దున కావలి కాచినవాడే. అట్టివారి ఋణము ఒకనాటి జయజయధ్వానములతో తీరదు.

కావున మీరును మీ బిడ్డలను కురుసుర కడకు కొనిపొండు. ఫోటో తీసికొనినంత మాత్రమున వెనుదిరుగకుడు. ఆ గుండ్రని ద్వారములలో వారిని దూరనిండు, నీటి కొలత నెరుగనిండు. ఎందరిని ముంచినదని వారడిగినచో కసరక, ఎవరిని కాచినదని యడుగుట నేర్పుడు. ఆ ప్రశ్న నేర్చిన బిడ్డ రేపు ఊరి చెరువు కట్టనైనను, దేశపు టెల్లనైనను కాచును.