తప్పులకూ ఒక ఖాతా

(గుడియాత్తంలో జరిగిన ట్రస్టు స్కాలర్‌షిప్పుల ప్రదాన సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇలాంటి సభల్లో మాట్లాడేవారు తాము సాధించిన విజయాలు చెబుతారు. నా దగ్గర అలాంటివి పెద్దగా లేవు. బి.కాం. చదివి, బ్యాంకులో క్లర్కుగా చేరి, క్లర్కుగానే రిటైరయినవాణ్ణి. అందుకని నా తప్పుల గురించి నాలుగు మాటలు చెబుతాను. అవి మాత్రం కావలసినన్ని ఉన్నాయి. పైగా వాటికి లెక్క కూడా రాసి పెట్టుకున్నాను.

నేను పుట్టి పెరిగింది ఈ గుడియాత్తంలోనే. మా వీధిలో ఒక ఆచారిగారు మగ్గాలకు కొయ్య సామాను చేసేవారు. బడి వదలగానే వెళ్లి ఆయన ముందు కూర్చునేవాణ్ణి. చిత్రిక పడుతుంటే చుట్టలు చుట్టలుగా లేచే పొట్టు, ఆ టేకు వాసన నా మనసులో ఉండిపోయాయి. ఉద్యోగం చేసినన్నాళ్లూ తీరిక దొరకలేదు. రిటైరయ్యాక వేలూరులో మా ఇంటి వెనక రేకుల షెడ్డు వేసుకుని, రంపం, ఉలి, చిత్రిక కొనుక్కుని వడ్రంగం మొదలుపెట్టాను.

మొదట చేసింది ఒక స్టూలు. 18 అంగుళాల ఎత్తు అనుకున్నాను. నిలబెడితే ఊగింది. ఒక కాలు కొంచెం కోశాను. మరో వైపు ఊగింది. ఆ కాలూ కోశాను. అలా కోస్తూ కోస్తూ ఊగడం ఆగేసరికి 14 అంగుళాలు మిగిలింది. మా ఆవిడ దాన్ని చూసి, "కూరలు తరుక్కోవడానికి పీట కావాలని అడగాలనుకుంటూనే ఉన్నాను" అంది.

తర్వాత మే నెల ఎండల్లో బల్లకు సొరుగు చేశాను. సందు లేకుండా ఎంత చక్కగా కుదిరిందో! నవంబరు వానలు పట్టేసరికి ఆ సొరుగు బిగుసుకుపోయింది. పెన్షన్ తీసుకునేవాళ్లు బ్యాంకులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాల్సింది ఆ నవంబరులోనే. నా పెన్షన్ కాగితాలన్నీ ఆ సొరుగులోనే ఉన్నాయి. నేను బతికే ఉన్నానని రుజువు చేసుకోవడానికి నా సొరుగును నేనే పగలగొట్టుకున్నాను. చెక్క తేమకు అడ్డంగా ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుంటుంది, పొడవులో మాత్రం దాదాపు మారదు. అందుకే తెలిసినవారు ఎండాకాలంలో చేసే సొరుగుకు వానాకాలం కోసం కొంచెం సందు వదులుతారు. ఆ సంగతి నాకు అప్పుడు తెలిసింది.

ఇవి నవ్వుకునే సంగతులు. మూడోది నవ్వుకునేది కాదు. ఒక సాయంత్రం చీకటి పడేలోపు పని ముగించాలని తొందరపడ్డాను. ఉలి మొద్దుబారింది. సాన పట్టలేదు. చెక్కను వైస్‌లో బిగించకుండా ఎడమ చేత్తో పట్టుకున్నాను. పదును ఉన్న ఉలి కంటే మొద్దు ఉలే ప్రమాదం, ఎందుకంటే దాన్ని బలం పెట్టి తొయ్యాలి. తోశాను. అది జారి నా చూపుడువేలు తెగింది.

అప్పుడు నేను చేసిన పని వినండి. గుడ్డ చుట్టుకుని లోపలికి వెళ్లి, డబ్బా మూత కోసుకుందని మా ఆవిడకు చెప్పాను. ఈ వయసులో ఇదేం పని అంటుందని భయం. వేలు వంగకపోతే వాపు వల్ల అనుకున్నాను. నాలుగో రోజు నొప్పి ఓర్చుకోలేక డాక్టరు దగ్గరికి వెళితే, వేలును వంచే స్నాయువు తెగిందనీ, ఆ రోజే వచ్చి ఉంటే బాగా కలిపేవాళ్లమనీ అన్నారు. ఇదిగో, ఈ వేలు ఇప్పటికీ పూర్తిగా వంగదు. ఉలి చేసిన నష్టం కొంచెమే. నేను దాచడం వల్ల జరిగిన నష్టమే ఎక్కువ.

ఆ తర్వాత ఒక లాంగ్ నోటుబుక్కు కొన్నాను. గళ్లు నాలుగు: తేదీ, ఏం జరిగింది, ఎందుకు జరిగింది, ఇకమీదట ఏం చెయ్యాలి. మొదటి ఏడాది 27 పద్దులు పడ్డాయి. అందులో 19 సాయంత్రం 5 గంటలు దాటాక జరిగినవే. నాకు పనితనం తక్కువని అనుకునేవాణ్ణి. పుస్తకం మాత్రం నీకు తొందర ఎక్కువ అని చెప్పింది. అప్పటినుంచి 5 గంటలకు షెడ్డుకు తాళం వేస్తున్నాను.

కామర్స్ విద్యార్థులకు ఒక సంగతి చెప్పాలి. చేత్తో లెడ్జర్లు రాసే రోజుల్లో సాయంత్రం లెక్క కుదరకపోతే ఇంటికి వెళ్లడానికి లేదు. తేడా 9తో భాగింపబడితే, ఎవరో 54కు బదులు 45 అని అంకెలు తిరగేసి రాసి ఉంటారని వెతికేవాళ్లం. చాలాసార్లు దొరికేది. కాని ఒక పద్దును పూర్తిగా రాయకుండా వదిలేస్తే ట్రయల్ బ్యాలెన్సు చక్కగా టాలీ అవుతుంది. తప్పుగా రాసింది ఎప్పుడో ఒకప్పుడు బయటపడుతుంది. అసలు రాయని తప్పును ఏ ట్రయల్ బ్యాలెన్సూ పట్టుకోలేదు.

దీనికి మన వేలూరులోనే జరిగిన పెద్ద ఉదాహరణ ఉంది. 1946లో సి.ఎం.సి. ఆసుపత్రికి వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్ పుట్టింది మన కొల్లిమలై కొండల్లో, 1914లో. డాక్టరు కాకముందు ఇంగ్లండులో కొన్నేళ్లు వడ్రంగం, తాపీపని నేర్చుకున్నారు. కుష్ఠువ్యాధి వల్ల బిగుసుకుపోయిన వేళ్లకు ఆపరేషన్ చేసి మళ్లీ కదిలేలా చేశారు. అలా బాగుపడిన యువకులకు బతుకుతెరువు కోసం నవజీవ నిలయంలో వడ్రంగం, చెక్కబొమ్మల పని నేర్పించారు. కాని ఆ చేతులకు కొత్త గాయాలు అవుతూనే ఉండేవి. వ్యాధి వల్లే వేళ్లు రాలిపోతాయని అప్పట్లో అందరూ నమ్మేవారు. ఆయన నమ్మలేదు. ప్రతి గాయమూ ఎలా అయిందని వెతికారు. ఒకసారి తుప్పుపట్టిన తాళం ఆయనకే తిరగకపోతే ఒక కుర్రవాడు తిప్పేశాడు. చూస్తే వాడి వేలు ఎముక దాకా కోసుకుపోయి ఉంది. వాడికి తెలియనే లేదు. నరాలు దెబ్బతిని నొప్పి తెలియకపోవడమే అసలు కారణమని, జాగ్రత్తపడితే ఆ వేళ్లను కాపాడుకోవచ్చని ఆయన తేల్చారు. ఇప్పుడు ఆ వ్యాధి మందులతో పూర్తిగా నయమవుతుంది. 2003లో ఆయన కన్నుమూసేదాకా నొప్పి మనిషికి ఒక వరమని చెబుతూనే వచ్చారు.

ఇక మా ఇంటి సంగతి. మా అమ్మాయి కొడుకు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. మొదటి సెమిస్టర్లో రెండు అరియర్లు పడితే ఇంట్లో చెప్పలేదు. బయటపడేసరికి ఐదయ్యాయి. అందరూ కోప్పడ్డారు. నేనూ కోప్పడ్డాను. వాడు మెల్లగా అన్నాడు: "తాతా, వేలు కోసుకున్నప్పుడు నువ్వు అవ్వకు డబ్బా మూత అని చెప్పలేదా?"

నా దగ్గర జవాబు లేకపోయింది. తొమ్మిదో తరగతిలో వాడికి మార్కులు తగ్గితే వాళ్ల నాన్న వారం రోజులు మాట్లాడలేదు. ఇంట్లో తప్పు చెబితే ఏమవుతుందో వాడు ఆ వారంలోనే నేర్చుకున్నాడు. నొప్పి తెలియని చేతిని గురించి చెప్పానే, మా ఇల్లూ అలాగే తయారయింది.

ఆ రాత్రి నా నోటుబుక్కు వాడి ముందు పెట్టాను. స్టూలు, సొరుగు, వేలు, అన్నీ చదివాడు, నవ్వాడు. తర్వాత కొత్త పేజీలో వాడి ఐదు పేపర్లు రాశాం. ఎందుకు అనే గడిలో వాడే రాశాడు: లెక్కల్లో ప్లస్ టూలో వదిలేసిన ఇంటిగ్రేషన్ ఇప్పటికీ రాదని. మూడు పేపర్లలో ఈ రెండు దఫాల్లో పాసయ్యాడు. ఇంకా రెండు ఉన్నాయి. ఇప్పుడు మాత్రం వాటి సంగతి అందరికీ తెలుసు.

విద్యార్థులారా, తప్పు జరిగిన రోజునే ఇంట్లో ఒక్కరికైనా చెప్పండి. తల్లిదండ్రులారా, పిల్లలు చెప్పినప్పుడు ముందు "ఎలా జరిగింది?" అని అడగండి. కోపం మర్నాటికి వాయిదా వెయ్యండి, నష్టం లేదు. ట్రస్టు పెద్దలకు ఒక చిన్న విన్నపం. వచ్చే ఏడాది దరఖాస్తు ఫారంలో ఒక గడి చేర్చండి: "ఏదైనా పేపరు తప్పి ఉంటే, కారణం ఏమిటి? ఏ సహాయం కావాలి?" అది తిరస్కరించడానికి కాదు, పిల్లవాడికి పాఠం చెప్పేవారిని వెతకడానికి. ఆ గడి నింపినవారికి అకౌంట్సు చెప్పడానికి నేను సిద్ధం. సాయంత్రం 5 గంటల తర్వాత నాకు తీరికే.