అలుపా, జబ్బా?



తణుకు చుట్టుపట్ల సార్వా నాట్లు మొదలైతే, పొద్దస్తమానం నడుం వంచి పనిచేసేవారికి సాయంత్రానికి కాళ్లూ చేతులూ లాగటం మామూలే గదా. కండరం ముడుచుకోవాలంటే దానిలో కాల్షియం విడుదల కావాలి. ఎడతెగని పనిలో ఫాస్ఫేటు పేరుకుని ఆ విడుదల మందగిస్తుంది. మెదడు పంపే ఆజ్ఞ కూడా తగ్గుతుంది. దీన్నే అలుపంటాం. చెమటతో ఉప్పూ నీరూ పోతే అలుపు మరీ త్వరగా వస్తుంది. ఉప్పేసిన మజ్జిగో, తరవాణో తాగి, నీడన కాసేపు నడుం వాల్చి, రాత్రి కంటినిండా నిద్రపోతే చాలామటుకు పోతుంది.

ఇక జబ్బు సంగతి. నరం చివర అసిటైల్ కోలిన్ అనే రసాయనం వూరి కండరానికి అందితేనే కండరం కదులుతుంది. పని కాగానే ఒక ఎంజైము దాన్ని విరగ్గొట్టేస్తుంది. మయస్థీనియా గ్రేవిస్ అనే జబ్బులో, ఒంటిని కాపాడవలసిన పదార్థాలే పొరబడి, కండరం ఆ రసాయనాన్ని అందుకునే చోట్లను పాడుచేస్తాయి. పొద్దున బాగానే వున్న మనిషికి పొద్దెక్కేకొద్దీ కంటిరెప్ప వాలిపోతుంది. ఒకటి రెండుగా కనిపిస్తుంది. అన్నం నమలగా నమలగా దవడ పట్టు తప్పుతుంది, మాట ముక్కులోంచి వస్తుంది. కాసేపు వూరుకుంటే మళ్లీ సర్దుకుంటుంది. అక్కడే వస్తుంది చిక్కు. "ఇందాక బాగానే చేసిందిగా, ఇప్పుడేమొచ్చింది? వట్టి వేషాలు" అంటారు. మన ముఠాల్లో ఈ మాట ఎంత తేలిగ్గా వస్తుందో మీకూ తెలుసు. అటువంటి మనిషిని నరాల డాక్టరుకు చూపించండి. 1934లో ఇంగ్లండులో మేరీ వాకర్ అనే డాక్టరమ్మ, ఆ ఎంజైమును కాస్త అణచే మందిచ్చి ఇలాంటి రోగికి బలం తెప్పించింది. ఆ తరహా మందులు నేటికీ వాడుతున్నారు.

ఇప్పుడు మన పంపు దగ్గరికి రండి. క్లోరిపైరిఫాస్, ప్రొఫెనోఫాస్ వంటి పురుగుమందులు అణచేది కూడా ఆ ఎంజైమునే, పురుగులోనైనా మనిషిలోనైనా. డాక్టరిచ్చే మందు కొలతగా, కొద్ది గంటలపాటు పనిచేస్తుంది. చర్మంలోంచి ఇంకే పురుగుమందుకు కొలతా లేదు, గడువూ లేదు. పిచికారీ చేసినవాడికి విపరీతంగా చెమటలు పట్టి, నోట నీళ్లూరి, వాంతులై, చూపు మసకబారి, కండలు అదురుతుంటే, పదహారు లీటర్ల పంపు మోసిన అలుపే అని పడుకోబెట్టకండి. చేతికి తొడుగు వేసుకుని అతని బట్టలు విప్పి, సబ్బునీళ్లతో ఒళ్లు కడిగి, 108కి ఫోను చేయండి. మందు డబ్బా చీటీతో సహా ఆస్పత్రికి పట్టుకెళ్లండి.

ఇంకొకటి. తేరుకున్నాడనుకున్న మనిషికి 24 గంటల తర్వాత, నాలుగో రోజులోపు, మెడ బలహీనపడి తలగడ మీంచి తల లేవకపోవచ్చు. ఆ వెనకే ఊపిరి తీసే కండరాలూ బలహీనపడతాయి. 1987లో శ్రీలంక వైద్యులు దీన్ని వివరించారు. నాట్లు ఆగిపోతున్నాయని రోగిని ముందే ఇంటికి తెచ్చుకోకండి. డాక్టరు పంపేదాకా ఆస్పత్రిలోనే వుంచండి.